తెరిపిలో దాగిన ఉబ్బసం

మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు ఊపిరి తీస్తాడు. నిద్రలోను, మెలకువలోను ఆ క్రియ తనంతట తాను సాగిపోతుంది గనుక దానిని ఎవరూ పట్టించుకోరు. ఊపిరి అందనప్పుడే దాని విలువ బోధపడుతుంది. ఆ విలువను పసితనంలోనే తెలుసుకొన్నవారు ఉబ్బస రోగులు. చరకసంహిత ఐదు విధాల శ్వాసరోగాలను పేర్కొన్నది. వాటిలో ఉబ్బసాన్ని పోలినది 'తమక శ్వాసం'. గ్రీకు భాషలో 'ఆస్తమా' అనే మాటకు రొప్పడం అని అర్థం. తెలంగాణ పల్లెలలో దీనిని 'దమ్ము' అంటారు. పేర్లు వేరైనా బాధ ఒక్కటే. ఛాతీ బిగుసుకుపోవడం, తెల్లవారుజామున దగ్గు తెరలు తెరలుగా రావడం, ఊపిరి విడిచేటప్పుడు పిల్లికూతలు వినిపించడం దీని లక్షణాలు.

ఈ వ్యాధికి ఒక విచిత్ర స్వభావం ఉంది. రాత్రంతా కూర్చొని వగర్చిన రోగి మరునాడు మధ్యాహ్నానికి అందరిలాగే నడుస్తాడు, మాట్లాడుతాడు, నవ్వుతాడు. స్వల్ప స్థాయి ఉబ్బసం ఉన్నవారికైతే వారాల తరబడి ఏ బాధా ఉండదు. వాన వెలసినట్లు వచ్చే ఈ తెరిపిని చూసి 'రోగం పోయింది' అనుకొని మందు మానివేసేవారు ఎందరో ఉన్నారు. బాధ లేని రోజులలో ఈ వ్యాధి ఎక్కడ దాగి ఉంటుంది? దానిని కనిపెట్టడం ఎలా? ఊపిరి అందించిన మందు వ్యాధిని కూడా నయం చేసినట్లేనా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తెలిసిన రోగి తన వ్యాధిని అదుపులో ఉంచుకోగలుగుతాడు.

ఊపిరి నడిచే దారి

ముక్కు ద్వారా లోనికి వెళ్ళిన గాలి శ్వాసనాళంలో ప్రవేశిస్తుంది. ఆ నాళం రెండుగా చీలి, ఆ రెండూ మరల మరల చీలుతూ తలకిందులుగా నిలిచిన చెట్టువలె ఊపిరితిత్తులంతటా వ్యాపిస్తుంది. ఈ విధంగా దాదాపు 23 పర్యాయాలు చీలిన తరువాత గాలి వాయుగోణులను చేరుతుంది. ప్రాణవాయువు రక్తంలో కలిసేది అక్కడనే. మధ్యనున్న శ్వాసనాళికల గోడలలో నునుపు కండరాలు చుట్లుగా అమరి ఉంటాయి. ఇవి మనిషి ఇచ్ఛకు లోబడవు. లోపలి గోడను ఒక సున్నితమైన పొర కప్పి ఉంటుంది. అది కొద్దిపాటి శ్లేష్మాన్ని స్రవిస్తూ ధూళిని పట్టి బయటికి నెడుతుంది.

ఉబ్బసం ఉన్నవారిలో ఈ నాళికలలో మూడు మార్పులు జరుగుతాయి. మొదటిది, లోపలి పొర నిత్యమూ కొంత ఎర్రబడి వాచి ఉంటుంది. ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేసే మాస్ట్ కణాలు అక్కడ గుమికూడుతాయి. రెండవది, కండరాల చుట్లు బిగుసుకుంటాయి. మూడవది, శ్లేష్మం అధికమై చిక్కబడి దారికి అడ్డుపడుతుంది. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలి ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కొద్దిపాటి బిగింపుకే రోగి అంతగా అల్లాడిపోవడానికి కారణం ఈ సూత్రమే.

బాధ వచ్చినప్పుడు మూడు మార్పులూ కలిసి కనిపిస్తాయి. బాధ తగ్గినప్పుడు కండరం సడలుతుంది, శ్లేష్మం తగ్గుతుంది. కాని లోపలి వాపు మాత్రం నివురు గప్పిన నిప్పువలె మిగిలి ఉంటుంది. ఆ వాపు ఉన్నంతకాలం శ్వాసనాళికలు ఇతరులకు ఏమీ కాని చిన్న ప్రేరణకు సైతం పెద్దగా స్పందిస్తాయి. దీనినే వైద్యులు శ్వాసనాళాల అతిసున్నితత్వం అంటారు. స్వల్ప ఉబ్బసంలో తెరిపి రోజులలో వ్యాధి దాగి ఉండే చోటు ఇదే.

ఉత్తర తెలంగాణ గాలి, ధూళి

అతిసున్నితమైన శ్వాసనాళికలను రెచ్చగొట్టే కారణాలు ప్రాంతాన్ని, ఋతువును, వృత్తిని బట్టి మారుతుంటాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో పలు జిల్లాలుగా విడిపోయాయి. అయితే గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ నేల మీది గాలికి ఎల్లలు లేవు. తెలంగాణలో చలి అత్యంత తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ఆదిలాబాద్ ఒకటి. అక్కడ శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్న తక్కువకు పడిపోవడం సాధారణం. చల్లని పొడిగాలి శ్వాసనాళికలలోని తేమను పీల్చివేస్తుంది. ఆ మార్పే కండరాలు బిగుసుకోవడానికి చాలు. వేకువ చలిలో మైదానంలో పరుగెత్తే విద్యార్థికి పరుగు ముగిసిన 5 నుండి 10 నిమిషాల తరువాత దగ్గు, పిల్లికూతలు మొదలైతే అది అతని దేహదార్ఢ్య లోపం అనుకోరాదు. వ్యాయామం వల్ల శ్వాసనాళికలు ముడుచుకొన్నాయని గ్రహించాలి.

వానాకాలంలో గోడల చెమ్మకు బూజు పడుతుంది. పరుపులలో, బొంతలలో కంటికి కనిపించని ధూళిపురుగులు పెరుగుతాయి. పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన విస్తరించిన వయ్యారిభామ మొక్క పుప్పొడి కొందరికి పడదు. కట్టెల పొయ్యి పొగ, బొద్దింకల విసర్జకాలు, పెంపుడు జంతువుల నూగు, ఎండుమిరప ఘాటు, దీపావళి టపాసుల పొగ, చుట్ట బీడీల పొగ ఇతర కారణాలు. జలుబు కలిగించే వైరస్‌లు వీటన్నింటికన్న తరచుగా ఉబ్బసాన్ని రేపుతాయి.

పని చేసే చోటు కూడా ముఖ్యమే. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాలలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. రామగుండంలో 1983 నుండి భారీ థర్మల్ విద్యుత్కేంద్రం పనిచేస్తున్నది. మంచిర్యాల ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు, కరీంనగర్ పరిసరాలలో గ్రానైట్ క్వారీలు, సుల్తానాబాద్ వైపు రైసుమిల్లులు, సిరిసిల్లలో మరమగ్గాలు, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలలో ఇంటింటా బీడీలు చుట్టే స్త్రీలు ఉన్నారు. ఈ వృత్తులలో వెలువడే ధూళి ఉబ్బస రోగికి శత్రువు.

అయితే ధూళి వల్ల వచ్చే ప్రతి వ్యాధీ ఉబ్బసం కాదు. రాతిధూళి వల్ల సిలికోసిస్, బొగ్గుధూళి వల్ల వేరొక ఊపిరితిత్తుల వ్యాధి వస్తాయి. పత్తిధూళి వల్ల బిసినోసిస్ అనే వ్యాధి వస్తుంది. వారాంతపు సెలవు తరువాత పనిలో చేరిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోవడం దాని ప్రత్యేక లక్షణం. వీడని దగ్గు క్షయ వల్ల కూడా రావచ్చు. కనుక ఆయాసం ఏ జాతిదో కొలిచి తేల్చుకోవలసిందే.

కొలతకు చిక్కే ఊపిరి

ఊపిరిని కొలిచే స్పైరోమీటర్‌ను 1846లో జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. ఆయన రెండు వేల మందికి పైగా మనుషుల ఊపిరిని కొలిచాడు. 1940లలో ఫ్రాన్సు దేశీయుడైన టిఫెనో మరొక అడుగు ముందుకు వేశాడు. నిండుగా గాలి పీల్చుకొని బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో వెలువడే గాలి ఎంత అన్నది ముఖ్యమని ఆయన చూపాడు. నాళికలు ఇరుకైతే ఈ మొదటి సెకను పరిమాణం తగ్గుతుంది.

రోగి చేత ముందు ఒకసారి ఊదించి, తరువాత శ్వాసనాళికలను విప్పే సాల్బుటమాల్ మందును పీల్పించి, 15 నిమిషాల అనంతరం మరల ఊదిస్తారు. మొదటి సెకను పరిమాణం 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ మించి పెరిగితే మందుకు స్పందన ఉన్నట్లు 2005 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. ఆ వయసు, ఎత్తు గలవారికి ఉండవలసిన పరిమాణంలో 10 శాతానికి మించిన పెరుగుదలను కొత్త ప్రమాణం లెక్కలోకి తీసుకొంటుంది. ఉదాహరణకు, ముందు 2.5 లీటర్లు ఊదిన వ్యక్తి మందు తరువాత 2.9 లీటర్లు ఊదితే పెరుగుదల 400 మిల్లీలీటర్లు, అంటే 16 శాతం. బిగిసిన దారి మందుతో తెరుచుకున్నదని, అది ఉబ్బస లక్షణమని పాత ప్రమాణం ప్రకారం నిర్ణయించవచ్చు.

స్వల్ప ఉబ్బసంలో చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. తెరిపి రోజున వచ్చిన మరొక వ్యక్తి మందుకు ముందు 3 లీటర్లు, మందు తరువాత 3.1 లీటర్లు ఊదాడనుకొందాం. పెరుగుదల 3 శాతం మాత్రమే. అంతమాత్రాన అతనికి ఉబ్బసం లేదనడం పొరపాటు. ఇదివరకే తెరిచి ఉన్న తలుపును ఇంకా తెరవడానికి చోటు ఉండదు. ఆ రోజున కండరం సడలి ఉంది గనుక మందు చేయవలసిన పని మిగలలేదు. ఈ సంగతి తెలియక 'పరీక్షలో ఏమీ లేదన్నారు' అని ఇంటికి వెళ్ళిపోయేవారు కొద్ది వారాలకే రాత్రివేళ ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది.

ఇటువంటివారి కోసం ఏర్పడినది ప్రేరణ పరీక్ష. హిస్టమిన్ లేదా మెథకోలిన్ అనే రసాయనాన్ని మొదట అతి పలుచగా పీల్పించి, తరువాత దాని గాఢతను ఇంచుమించు రెట్టింపు చేస్తూ పోతారు. మొదటి సెకను పరిమాణం 20 శాతం పడిపోయే వరకు మాత్రమే పరీక్ష సాగుతుంది. 1977లో కాక్‌క్రాఫ్ట్, ఆయన సహచరులు కెనడాలో ఈ పద్ధతిని ప్రామాణికంగా తీర్చిదిద్దారు. ఆరోగ్యవంతులలో చాలామందికి మిల్లీలీటరుకు 16 మిల్లీగ్రాముల మెథకోలిన్ పీల్చినా అంతటి తగ్గుదల కనిపించదు. 1 నుండి 4 మిల్లీగ్రాముల గాఢత వద్దనే తగ్గుదల కనిపిస్తే స్వల్ప అతిసున్నితత్వం అని, 1 మిల్లీగ్రాము కన్న తక్కువకే పడిపోతే తీవ్రత ఎక్కువ అని భావిస్తారు. ఈ పరీక్షను వైద్యుల పర్యవేక్షణలో, విరుగుడు మందు చేతికందే దూరంలో ఉంచుకొని మాత్రమే చేయాలి.

పల్లెలో ఉన్న రోగికి ఇంతటి పరికరాలు అందుబాటులో ఉండవు. వారికి ఉపయోగపడేది పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం. 1950ల చివరలో మార్టిన్ రైట్ రూపొందించిన పరికరానికి ఇది చిన్న రూపం. ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు ఊది, వాటిలో హెచ్చు అంకెను రెండు వారాల పాటు పుస్తకంలో రాసుకోవాలి. ఉబ్బసంలో ఉదయపు అంకె తగ్గి, సాయంత్రపు అంకె పెరుగుతుంది. పెద్దలలో ఈ దైనిక వ్యత్యాసం సగటున 10 శాతం మించితే వ్యాధి ఉన్నదని అనుమానించాలి. ఒక్కరోజు పరీక్షకు చిక్కని వ్యాధి రెండు వారాల లెక్కకు చిక్కవచ్చు.

దారి తెరిచే మందుల కథ

శ్వాసనాళికలను విప్పే మందుల చరిత్రలో దక్షిణ భారతానికి చోటు ఉంది. ఉమ్మెత్త వేరును, కాండాన్ని ఎండబెట్టి ఆ పొగను పీల్చడం ఇక్కడి పాత వైద్యం. మద్రాసులో ప్రధాన వైద్యాధికారిగా పనిచేసిన జేమ్స్ ఆండర్సన్ ద్వారా దీనిని తెలుసుకొన్న జనరల్ జెంట్ అనే సైన్యాధికారి 1802లో ఈ పద్ధతిని బ్రిటన్‌కు చేర్చాడు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ జాతి పదార్థాలు కండరాన్ని సడలిస్తాయి. అయితే ఉమ్మెత్త విషం. మోతాదు మించితే మతిభ్రమణం, ప్రాణాపాయం కలుగుతాయి గనుక ఆ వైద్యాన్ని నేడు ఎవరూ అనుసరించరాదు. దాని గుణాన్ని నిలిపి దోషాన్ని తగ్గించిన ఇప్రాట్రోపియం అనే మందును వైద్యులు ఉపయోగిస్తున్నారు. 19వ శతాబ్దిలో, స్వయంగా ఉబ్బస రోగి అయిన హెన్రీ హైడ్ సాల్టర్ చిక్కని కాఫీ ఆయాసాన్ని తగ్గిస్తుందని రాశాడు.

20వ శతాబ్ది ఆరంభంలో అడ్రినలిన్ సూదిమందు వచ్చింది. 1955లో అమెరికాలో జార్జి మేసన్ అనే ఔషధ సంస్థ అధిపతిని ఆయన 13 ఏళ్ళ కుమార్తె, కేశాలకు చల్లుకొనే ద్రవంలాగా తన ఉబ్బసం మందును కూడా డబ్బాలో ఎందుకు నింపకూడదని అడిగిందట. ఆ ప్రశ్న ఫలితంగా 1956లో మోతాదు కొలిచి చిమ్మే ఇన్‌హేలర్ మార్కెట్‌లోకి వచ్చింది. 1960ల చివరలో బ్రిటన్‌లో డేవిడ్ జాక్ బృందం కనిపెట్టిన సాల్బుటమాల్ గుండెపై ప్రభావాన్ని తగ్గించి, కొద్ది నిమిషాలలో ఊపిరినిచ్చే మందుగా ప్రసిద్ధి పొందింది.

ఈ విజయం వెంట ఒక హెచ్చరిక కూడా వచ్చింది. 1960లలో ఇంగ్లండు మొదలైన దేశాలలో అధిక మోతాదు ఐసోప్రెనలిన్ ఇన్‌హేలర్ల వాడుక పెరిగిన కాలంలోనే ఉబ్బస మరణాలు పెరిగాయి. 1970, 80 దశకాలలో న్యూజిలాండులో ఫెనోటెరాల్ అనే మందు విషయంలో ఇదే పునరావృతమైంది. దాని వాడుకపై ఆంక్షలు వచ్చిన తరువాత మరణాలు తగ్గాయి. కండరాన్ని సడలించే మందు లోపలి వాపును ముట్టుకోదు. రోగికి ఊపిరి ఆడుతున్నది గనుక వాపు ముదురుతున్న సంగతి తెలియదు. పైగా అటువంటి మందును మాత్రమే నిత్యం వాడితే దాని పట్టు సడలుతుంది, నాళికల సున్నితత్వం హెచ్చుతుంది. చివరికి ఒకనాడు మందు పీల్చినా దారి తెరుచుకోదు.

వాపును తగ్గించేవి పీల్చే స్టిరాయిడ్ మందులు. 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్‌తో ఇవి వాడుకలోకి వచ్చాయి. ఇవి వేసిన నిమిషంలో హాయినివ్వవు. రోజుల తరబడి, వారాల తరబడి క్రమంగా వాపును అణచి, అతిసున్నితత్వాన్ని తగ్గిస్తాయి. ఫలితం వెంటనే కనిపించదు గనుకనే రోగులు వీటిని తేలికగా మానివేస్తారు. 1993లో ఏర్పడిన 'జీనా' అనే అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంస్థ 2019లో తన సూచనలను మార్చింది. స్వల్ప ఉబ్బసమైనా కేవలం సాల్బుటమాల్ వంటి తక్షణోపశమన మందుతో సరిపుచ్చరాదని, పెద్దలకు, కిశోరులకు వాపును తగ్గించే స్టిరాయిడ్ కూడా తప్పక అందాలని ఆ సంస్థ ప్రకటించింది. ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ కలిసిన ఇన్‌హేలర్‌ను బాధ కలిగినప్పుడు వాడే పద్ధతి ఆ విధంగా ఆచరణలోకి వచ్చింది.

భయాలు, నమ్మకాలు

'పీల్చే మందు చివరి దశలో వాడేది', 'ఒకసారి మొదలుపెడితే అలవాటవుతుంది' అనే అపోహలు పల్లెలలోనే కాక పట్టణాలలోనూ ఉన్నాయి. అంకెలను పరిశీలిస్తే సత్యం తెలుస్తుంది. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్ ఒక్కసారి చిమ్మేది 100 మైక్రోగ్రాములు. మాత్ర కడుపులో కరిగి రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది గనుక చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పీల్చిన మందు నలభయ్యవ వంతు మోతాదుతో నేరుగా చేరవలసిన చోటికే చేరుతుంది. పెళ్ళికాని ఆడపిల్ల ఉబ్బసాన్ని నలుగురికీ తెలియకుండా దాచాలని ఇన్‌హేలర్‌ను మాన్పించే తల్లిదండ్రులు ఆమె ప్రాణాన్నే పణంగా పెడుతున్నారు.

తెలుగునాట ఉబ్బసం అనగానే స్ఫురించేది చేపమందు. ఏటా జూన్ నెలలో మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబీకులు కొర్రమీను పిల్లతో మింగించే ఈ ప్రసాదం కోసం నలుమూలల నుండి వేలాది మంది తరలివస్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షలలో నిరూపితం కాలేదు. దానిపై విశ్వాసం ఉన్నవారు కూడా ఒక సంగతి మరువరాదు. స్వల్ప ఉబ్బసం తనంతట తానే నెలల తరబడి తెరిపినిస్తుంది. ఆ తెరిపిని నయమవడంగా భావించి ఇన్‌హేలర్‌ను పారవేస్తే నష్టపోయేది రోగియే.

రోగి చేతిలోని పని

మందు ఎంత మంచిదైనా సరిగా పీల్చకపోతే నాలుకపైనే మిగిలిపోతుంది. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఊపిరిని పూర్తిగా విడిచి, నెమ్మదిగా గాలి పీలుస్తూ మందును నొక్కి, 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. స్టిరాయిడ్ మందు తీసుకొన్న తరువాత నోరు పుక్కిలించాలి. పీల్చడం, నొక్కడం ఒకేసారి కుదరని పిల్లలకు, వృద్ధులకు స్పేసర్ అనే బుర్ర అవసరం. అర లీటరు ప్లాస్టిక్ సీసాతో తయారుచేసిన స్పేసర్ పిల్లలలో బాగానే పనిచేస్తుందని 1999లో దక్షిణాఫ్రికా వైద్యులు చూపారు. పరుపును ఎండలో వేయడం, పొగ లేని పొయ్యి వాడడం, ధూళిలో పనిచేసేటప్పుడు తగిన మాస్కు ధరించడం, ఇంట్లో ధూమపానాన్ని నిషేధించడం అదనపు రక్షణలు. వ్యాధి అదుపులో ఉన్నవారు ఆటపాటలు మానవలసిన పనిలేదు. ఒలింపిక్ క్రీడలలో పతకాలు గెలిచిన ఉబ్బస రోగులు ఉన్నారు.

కొన్ని ప్రమాద సూచనలను ఇంటిల్లిపాది గుర్తుంచుకోవాలి. ఒక వాక్యాన్ని ఒక్క ఊపిరిలో పలకలేకపోవడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, ఉపశమన మందు పీల్చినా బాధ తగ్గకపోవడం లేదా కొద్ది గంటలకే మరల రావడం ఆ సూచనలు. అటువంటప్పుడు తెల్లవారే వరకు వేచి చూడక 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చాలి. తీవ్ర దాడికి గురై మరణించినవారిలో అంతకు ముందు స్వల్ప లక్షణాలు మాత్రమే ఉన్నవారు కూడా ఉన్నారని పరిశోధనలు తెలుపుతున్నాయి. 'స్వల్పం' అనే మాట బాధకు వర్తిస్తుందే గాని ప్రమాదానికి వర్తించదు.

ఉబ్బసాన్ని సమూలంగా తొలగించే మందు ఇంకా రాలేదు. దానిని అదుపులో ఉంచే మందులు మాత్రం వచ్చాయి. బిగిసిన కండరాన్ని సడలించడం క్షణాల పని, వాచిన పొరను చల్లార్చడం నెలల పని. రెండవ పనికి ఓర్పు కావాలి, ఏ బాధా లేని రోజున కూడా మందును గుర్తుంచుకొనే క్రమశిక్షణ కావాలి. తమ ఇంట్లో, తరగతిలో, వాడలో ఉబ్బసంతో బాధపడేవారికి ఈ తేడాను విడమరచి చెప్పడం చదువుకొన్న యువతరం చేయగల మేలు.